కర్నూలా, కర్నాలా? ఇంగ్లీషులో ఒకేలా కనిపించే పేర్లను తేల్చుకునే పద్ధతి

మా పత్రిక కర్నూలు డెస్కులో కొత్తగా చేరిన ట్రైనీ సబ్ ఎడిటర్ అడిగిన ప్రశ్న ఇది. వార్తా ఏజెన్సీ నుంచి వచ్చే ఇంగ్లీషు కాపీలను తెలుగు చేసేటప్పుడు హర్యానాలోని కర్నాల్‌ను కర్నూలు అనీ, నైజర్‌ను నైజీరియా అనీ చదివేస్తున్నారట. ఎంత జాగ్రత్తగా చూసినా తప్పు దొర్లుతోందట. ఇలాంటి పేర్లన్నిటికీ బట్టీ పట్టడానికి పట్టిక ఏదైనా ఉందా అని అడిగారు.

పట్టికలు దొరుకుతాయి. వాటితో మీ సమస్య తీరదు. రెండు పేర్లు ఒకేలా ఉంటాయని మీకు ముందే తెలిస్తే తప్పు చేయరు. ఇంకో పేరు ఒకటుందన్న అనుమానమే రానప్పుడు తప్పు జరుగుతుంది. చదవడం అలవాటైన కన్ను అక్షరం అక్షరం చూడదు. పదం మొదలు, చివర, పొడవు చూసి మధ్యలోది తనే పూరించుకుంటుంది. కర్నూల్లో కూర్చున్నవాడి కన్ను కర్నూలనే పూరిస్తుంది. జాగ్రత్త పెంచినంత మాత్రాన ఇది పోదు. అందుకే డెస్కులో పాటించాల్సిన నియమం ఒక్కటే: పేరును ఒంటరిగా నమ్మకూడదు. అదే కాపీలో, ఆ రెండింటిలో ఒకదానికి మాత్రమే సరిపోయే రెండో ఆధారం దొరికాకే పేరు రాయాలి.

ముందు మీ కర్నాల్ సంగతి చూద్దాం. ఇంగ్లీషులో కర్నూలుకు ఏడక్షరాలు: కె, యు, ఆర్, ఎన్, ఓ, ఓ, ఎల్. కర్నాల్‌కు ఆరు: కె, ఏ, ఆర్, ఎన్, ఏ, ఎల్. మొదలూ చివరా ఒకటే, నడుమ ఆర్, ఎన్ ఒకటే. తేడా అంతా అచ్చుల్లో ఉంది, కన్ను సులువుగా దాటేసేది అచ్చులనే. ఇక్కడ రెండో ఆధారంగా ఏది పట్టుకోవాలన్నది ముఖ్యం, ఎందుకంటే కొన్ని ఆధారాలు మోసం చేస్తాయి. కాపీలో ‘జాతీయ రహదారి 44పై ప్రమాదం’ అని ఉంటే చాలామంది నిశ్చింతగా మన జిల్లా అనుకుంటారు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా వెళ్లే ఆ రహదారి పానిపట్‌కు ముందు కర్నాల్ మీదుగానూ పోతుంది, మన కర్నూలు, గుత్తి, అనంతపురం మీదుగానూ పోతుంది. రోడ్డు నంబరు దేన్నీ తేల్చదు. రైల్వే కోడ్ ఇంకా తికమక పెడుతుంది. కె, యు, ఎన్ అని ఉంటే కర్నూలే అనిపిస్తుంది, కానీ అది కర్నాల్ స్టేషన్ కోడ్. కర్నూలు సిటీ కోడ్ కె, ఆర్, ఎన్, టి.

పనికొచ్చే ఆధారాలు వేరే ఉన్నాయి. హర్యానా అన్న మాట, యమున, పానిపట్, కురుక్షేత్ర, జాతీయ పాడి పరిశోధన సంస్థ, బాస్మతి వరి. వీటిలో ఒక్కటి కనబడినా అది కర్నాల్. తుంగభద్ర, ఆదోని, ఓర్వకల్లు, ఉల్లి మార్కెట్ యార్డు ఉంటే మనది. చరిత్ర వ్యాసమైతే 1739లో నాదిర్ షా మొఘలులను ఓడించిన యుద్ధం కర్నాల్‌ది. వీటిలో ఏదీ లేకపోతే డేట్‌లైన్, అంటే వార్త మొదట్లో ఊరు, తేదీ ఉండే చోటు, చూడండి. అదీ లేకపోతే కాపీని పక్కన పెట్టి ఏజెన్సీ వెబ్‌సైట్లో అసలు వార్త తెరవండి. ఊహించి రాయొద్దు.

అనంతపురానికీ ఇదే గొడవ. కశ్మీర్లోని అనంతనాగ్ కూడా 44వ రహదారి మీదిదే. ఇంగ్లీషులో మొదటి అయిదు అక్షరాలు రెండింటికీ ఒకటే, పేరు విడిపోయేది ఆ తర్వాతే. స్క్రీన్ మీద హెడ్డింగ్ ఇరుకై చివర తెగిపోతే రెండూ ఒకేలా కనిపిస్తాయి. పంజాబ్ రూప్‌నగర్ జిల్లాలోని ఆనంద్‌పూర్ సాహిబ్, ఒడిశా కెందుఝర్ జిల్లాలోని ఆనందపూర్ కూడా దీని పక్కనే పెట్టుకోవాలి. ఇంగ్లీషులో టి స్థానంలో డి ఉండటమే వీటికి గుర్తు. పంజాబ్ ఊరికి ‘సాహిబ్’ తోడుంటే సులువు, కానీ హెడ్డింగుల్లో ఆ మాట ఒక్కోసారి ఎగిరిపోతుంది.

కడప విషయంలో చిక్కు పాత స్పెల్లింగుతో వస్తుంది. 2005 దాకా ఇంగ్లీషులో సి, యు, డి, డి, ఏ, పి, ఏ, హెచ్ అని రాసేవారు. ఆ ఏడాది కె తో మొదలయ్యే రూపానికి మార్చారు. పాత గెజిట్లు, భూమి రికార్డులు, కోర్టు తీర్పుల్లో మాత్రం పాతదే కనిపిస్తుంది. భూగర్భ శాస్త్రంలో కడప బేసిన్‌ను ఇప్పటికీ చాలామంది పాత స్పెల్లింగుతోనే రాస్తారు. రైల్వే కోడ్ కూడా పాతదే, హెచ్, ఎక్స్. పాత స్పెల్లింగుకు దగ్గరి పోలిక తమిళనాడు తీరంలోని కడలూరు. మొదటి అయిదు అక్షరాలూ ఒకటే. కాబట్టి పాత పత్రాల్లో తుపాను, ఓడరేవు, చేపల వేట ప్రస్తావన వస్తే అది కడలూరు. కడపకు సముద్రం లేదు. వెతుకులాటలో ఇంకో జాగ్రత్త. కంప్యూటర్లో కడప అని కొత్త స్పెల్లింగు కొడితే 2005కు ముందువి చాలావరకు రావు. రెండు స్పెల్లింగులతోనూ విడివిడిగా వెతకాలి.

పేరు మారినప్పుడు పాత జంట విడిపోయి కొత్త జంట పుడుతుంది. 2014 నవంబర్ 1న కర్ణాటకలో బిజాపూర్ విజయపుర అయింది, బళ్ళారి ఇంగ్లీషు స్పెల్లింగూ మారింది. దాని వల్ల ఇవాళ ‘బిజాపూర్‌లో ఎదురుకాల్పులు’ అని వస్తే అది ఛత్తీస్‌గఢ్ అని దాదాపు నిశ్చయంగా చెప్పొచ్చు. అదే 2014కు ముందటి కాపీ అయితే చెప్పలేం. ఇక విజయపుర వచ్చి విజయనగర, విజయవాడ, విజయనగరం గుంపులో చేరింది. ఇందులో విజయనగర 2021లో బళ్ళారి నుంచి విడదీసిన జిల్లా, హోసపేట కేంద్రం. గుంతకల్లు, రాయదుర్గం వైపు పాఠకులకు పక్కింటి వార్త అది. దాన్ని మన ఉత్తరాంధ్ర విజయనగరంగా అచ్చు వేస్తే వెంటనే ఫోన్లు వస్తాయి. విజయనగరానికి ఇంగ్లీషులో జె ఉండదు, జెడ్ ఉంటుంది. ఆ ఒక్క అక్షరం చూస్తే చాలు. రాయదుర్గం కూడా రెండున్నాయి. అనంతపురం జిల్లాదానికి నడుమ వై ఉంటుంది, హైదరాబాద్ మెట్రో స్టేషన్‌కు ఐ. కానీ ఈ తేడాను అందరూ పాటించరు కనుక మెట్రో, ఐటీ కంపెనీలు, ఫ్లాట్ల ధరలు అన్న మాటలే అసలు ఆధారం.

కళ్లు సరిగానే చూసినా అక్షరాల రూపం దెబ్బతీసే సందర్భం ఒకటుంది, దీన్ని కొత్తవాళ్లకు ఎవరూ చెప్పరు. చాలా ఇంగ్లీషు ఫాంట్లలో చిన్న ఆర్ పక్కన చిన్న ఎన్ ఆనుకుంటే చిన్న ఎమ్ లాగా కనిపిస్తుంది. స్కాన్ చేసిన పాత పుస్తకాన్ని సాఫ్ట్‌వేర్ అక్షరాలుగా మార్చినప్పుడు కర్నూలు కాస్తా ‘కుమూల్’ అవుతుంది, కర్నాల్ ఏకంగా ‘కమల్’ అవుతుంది. కమల్ అనేది నిజమైన మనిషి పేరు కాబట్టి స్పెల్ చెకర్ దాన్ని తప్పనదు. పాత పీడీఎఫ్‌లో కర్నూలు ప్రస్తావనలు వెతికేటప్పుడు ఆర్, ఎన్ బదులు ఎమ్ పెట్టి ఇంకోసారి వెతకండి. దొరకవనుకున్న పేజీలు దొరుకుతాయి. సి పక్కన ఎల్ ఆనుకుని డి లాగా మారడం, పెద్ద ఐ, చిన్న ఎల్ ఒకేలా ఉండటం కూడా ఇదే కోవ. అనుమానం వస్తే ఆ పదాన్ని కాపీ చేసి వేరే ఫాంట్‌లోకి మార్చి చూడండి. ఐ, ఎల్ గొడవ అక్కడికక్కడే తేలుతుంది. స్కాన్ పొరపాటు మాత్రం ఫాంట్ మారిస్తే పోదు, దానికి అసలు పేజీ బొమ్మ చూడాల్సిందే.

దేశాల పేర్లకు వస్తే, రాజధాని, పౌరులను పిలిచే మాట, ఈ రెండే మీకు కావలసిన ఆధారాలు. నైజర్‌కు నియామే, నైజీరియాకు అబుజా. 2023 జులైలో సైనిక తిరుగుబాటు జరిగింది నైజర్‌లో. అక్కడి పౌరుణ్ని ఇంగ్లీషులో చెప్పే మాటకు చివర ఐ, ఇ, ఎన్ ఉంటాయి. నైజీరియా పౌరుడికి ఐ, ఏ, ఎన్. ఒక్క అక్షరంతో దేశం మారిపోతుంది. కాపీలో దేశం పేరు లేకుండా ఈ మాట ఒక్కటే ఉంటే తప్పు జరగడం ఖాయం, రాజధాని కోసం కిందికి చదవండి. స్లోవాకియాకు బ్రాటిస్లావా, స్లోవేనియాకు లుబ్లియానా. మారిషస్‌కు పోర్ట్ లూయీ, మారిటేనియాకు న్వాక్‌షాట్. డొమినికా, డొమినికన్ రిపబ్లిక్ రెండూ కరేబియన్‌లోవే, రెండు దేశాల పౌరులకూ ఇంగ్లీషు మాట ఒకటే. కాబట్టి పౌరుల మాట అక్కడ పనికిరాదు, రోసో అంటే మొదటిది, శాంటో డొమింగో అంటే రెండోది. క్రికెట్ వార్త అయితే దాదాపు ఎప్పుడూ డొమినికానే. గయానాకూ ఇదే వర్తిస్తుంది. వెస్టిండీస్ జట్టు, జార్జ్‌టౌన్ ఉంటే గయానా. కొనాక్రీ ఉంటే గినీ, బిస్సావు ఉంటే గినీ బిస్సావు, మలాబో ఉంటే ఈక్వటోరియల్ గినీ, పోర్ట్ మోర్స్‌బీ ఉంటే పాపువా న్యూ గినీ.

కొలంబియా కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగులో రెండూ ఒకేలా రాస్తాం. బొగోటా రాజధానిగా ఉన్న దేశానికి ఎల్ తర్వాత ఓ. అమెరికా రాజధాని ఉన్న డిస్ట్రిక్ట్ ఆఫ్ కొలంబియా, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం, న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీ, కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లా ప్రయాణిస్తుండగా 2003 ఫిబ్రవరి 1న కూలిన వ్యోమనౌక, వీటన్నిటికీ యు. దేశం ఒక్కదానికే ఓ అని గుర్తుంచుకుంటే చాలు. ‘కొలంబియా విద్యార్థుల ఆందోళన’ అని తెలుగు హెడ్డింగ్ పెడితే పాఠకుడికి దేశమో యూనివర్సిటీయో తెలియదు. స్పెల్లింగు సరిగ్గా చదివినా తెలుగులో ‘యూనివర్సిటీ’ అన్న మాట చేర్చకపోతే పని సగమే అయినట్టు.

మన పాఠకులకు గల్ఫ్ పేర్లు మరీ ముఖ్యం. కడప, రాయచోటి ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఒమన్ దేశం, అమ్మాన్ జోర్డాన్ రాజధాని, దమ్మామ్ సౌదీలో ఊరు. ఇంగ్లీషు హెడ్డింగులో ఒమన్, అమ్మాన్ మధ్య తేడా మొదటి అక్షరంలోనూ, ఎమ్ ఒకటా రెండా అన్నదాంట్లోనూ ఉంది. అక్కడ ప్రమాద వార్త తప్పుగా వస్తే ఇక్కడ ఇళ్లలో ఏడుపులు మొదలవుతాయి. మస్కట్, సలాలా ఉంటేనే ఒమన్ అని రాయండి.

ఇక మనుషుల పేర్లు. ఇంగ్లీషు వాళ్ల పేర్లలో ఒక్క అక్షరం తేడా అంటే వేరే మనిషి అనే లెక్క. ఆస్ట్రేలియా క్రికెట్‌లో మైకేల్ క్లార్క్‌కు చివర ఇ ఉంది, ఒకే కాలంలో ఆడిన స్టువర్ట్ క్లార్క్‌కు లేదు, మహిళల జట్టు కెప్టెన్‌గా చేసిన బెలిండా క్లార్క్‌కూ లేదు. ఫాస్ట్ బౌలర్ జెఫ్ థామ్సన్‌కు, 1897లో ఎలక్ట్రాన్‌ను కనిపెట్టిన జె.జె. థామ్సన్‌కు పి లేదు. నటి ఎమ్మా థాంప్సన్‌కు ఉంది. హాకింగ్, ఫ్లెమింగ్ ఇద్దరి స్టీఫెన్‌కూ పి, హెచ్. స్పీల్‌బర్గ్‌కు వి. లారా బ్రయాన్‌కు ఐ, గాయకుడు ఆడమ్స్ బ్రయాన్‌కు వై. ఐ, ఏ తారుమారై ‘మెదడు’ అనే అర్థం వచ్చే మాటగా మారినా స్పెల్ చెకర్ మాట్లాడదు. ఫ్రాన్సిస్ అన్న పేరులో చివర ఐ, ఎస్ ఉంటే సాధారణంగా మగవాళ్లు, ఇ, ఎస్ ఉంటే ఆడవాళ్లు. ఇంగ్లీషు ‘హిమ్’లో ఐ, ‘హర్’లో ఇ ఉన్నాయని పట్టుకుంటే మరిచిపోరు. ఈ తేడా గమనించకపోతే తెలుగులో ‘చెప్పారు’ దగ్గర బయటపడదు గానీ ‘ఆయన’, ‘ఆమె’ దగ్గర బయటపడుతుంది.

మన సీమ చరిత్ర రాసేవాళ్లు తరచూ తడబడేది మన్రో దగ్గర. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరుగా ఉండి, తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన సర్ థామస్ మన్రో పేరులో ఎమ్ తర్వాత యు, చివర ఓ. అదే కాలంలో, 1817 నుంచి 1825 దాకా అమెరికా అధ్యక్షుడిగా ఉన్న జేమ్స్ మన్రోకు ఎమ్ తర్వాత ఓ, చివర ఓ, ఇ. ఇద్దరూ సమకాలికులు కావడంతో సంవత్సరం చూసి తేల్చడం కుదరదు. మద్రాసు, రైత్వారీ, కలెక్టరు అనే మాటలుంటే మనవాడు. 1823 నాటి మన్రో సిద్ధాంతం అమెరికా ఆయనది. కడప బ్రౌన్ గారి పేరులో చివర ఇ లేదు, ఫోటో కింద ఇంగ్లీషులో రాసేటప్పుడు దాన్ని చేర్చొద్దు. ఇద్దరు ముఖ్యమంత్రుల పేర్లు కూడా పాత ఇండెక్సుల్లో పక్కపక్కనే వస్తాయి. అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి 1956 నుంచి 1960 దాకా, మళ్లీ 1962 నుంచి 1964 దాకా. కర్నూలు దగ్గర పెద్దపాడుకు చెందిన దామోదరం సంజీవయ్య నడుమ రెండేళ్లు. ఇంగ్లీషులో ఇద్దరికీ మొదటి ఏడక్షరాలు ఒకేలా రాసిన చోట్లున్నాయి, మొదటి ఇనీషియల్ ఎన్ నా డి నా అన్నదీ, తేదీ 1960–62 మధ్యదా అన్నదీ చూడాలి.

స్థానికుల పేర్లకు మాత్రం ఇప్పటిదాకా చెప్పింది తిరగేసి పట్టుకోవాలి. లక్ష్మి అన్న పేరులో కె, ఎస్, హెచ్ ఉన్నా, ఎక్స్ ఉన్నా మనిషి ఒకరే కావచ్చు. శ్రీనివాసులు, బాషా, హుస్సేన్, గౌడ్, ఓబులేసు ఎవరైనా సరే, పదో తరగతి సర్టిఫికెట్లో ఒకలాగా, ఆధార్లో ఇంకోలాగా ఉండటం మామూలే. స్పెల్లింగు తేడా చూసి ఇద్దరనుకుంటే ఒక తప్పు, స్పెల్లింగు కలిసిందని ఒకరే అనుకుంటే ఇంకో తప్పు. కేసుల వార్తల్లో రెండోది ప్రమాదకరం. ఒకే మండలంలో ఒకే పేరు, ఒకే ఇనీషియల్ ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు. తండ్రి పేరు, వయసు, ఊరు ఈ మూడూ ఎఫ్ఐఆర్‌తో సరిపోలితేనే పేరు వేయండి. మూడింటిలో ఒకటి తేడా వస్తే పేరు లేకుండానే వార్త ఇవ్వండి.

కంప్యూటర్ సాయం గురించి అడగలేదు గానీ, అడగబోతారు కాబట్టి చెబుతున్నాను. ఇలాంటి పేర్లను కలిపి పట్టుకోవడానికి 1918లో అమెరికాలో పేటెంట్ పొందిన సౌండెక్స్ అనే పద్ధతి ఉంది, ఇవాళ్టి డేటాబేస్ సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో ఉంటుంది. మొదటి అక్షరం అలాగే ఉంచి, అచ్చులనూ హెచ్, డబ్ల్యు, వై లనూ వదిలేసి, మిగతా హల్లులకు అంకెలు ఇస్తుంది. బి, ఎఫ్, పి, వి లకు 1. సి, జి, జె, కె, క్యూ, ఎస్, ఎక్స్, జెడ్ లకు 2. డి, టి లకు 3. ఎల్‌కు 4. ఎమ్, ఎన్ లకు 5. ఆర్‌కు 6. ఒకే అంకె వచ్చే అక్షరాలు ఆనుకుని ఉంటే ఒక్కసారే లెక్క. మూడంకెలు రాగానే ఆగిపోతుంది, తక్కువైతే సున్నాలు చేరుస్తుంది.

చేతితో చేసి చూడండి. కర్నూలుకు కె 654, కర్నాల్‌కూ కె 654. అనంతపూర్, అనంతనాగ్, ఆనంద్‌పూర్ మూడింటికీ ఏ 553. నైజర్, నైజీరియా రెండింటికీ ఎన్ 260. ఆస్ట్రియా, ఆస్ట్రేలియాలకు ఏ 236. ఇద్దరు మన్రోలకూ ఎమ్ 560. అంటే, మీ కన్ను ఎక్కడ మోసపోతుందో అక్కడ ఈ కోడ్ కూడా ఒకటే అవుతుంది. అందుకే ఇది హెచ్చరిక గంటగా పనికొస్తుంది, తీర్పుగా పనికిరాదు. దీనికి తప్పిపోయేవి రెండు రకాలు. మొదటి అక్షరం మారితే పట్టుకోలేదు: కడప పాత స్పెల్లింగు సి 310, కొత్తది కె 310, రెండూ ఒక ఊరని దానికి తెలియదు. పలకని హల్లు నడుమ దూరితే కూడా విడిపోతాయి: పి లేని థామ్సన్ టి 525, పి ఉన్న థాంప్సన్ టి 512. ఎక్సెల్‌లో పేర్లను అక్షర క్రమంలో పేర్చి చూసినా మొదటి లోపమే ఎదురవుతుంది. సి తో మొదలయ్యే కేథరిన్, కె తో మొదలయ్యే కేథరిన్ షీటులో ఎక్కడెక్కడో ఉంటాయి. పేర్చే ముందు ట్రిమ్ ఫంక్షన్‌తో అదనపు ఖాళీలు తీసేయండి, లేకపోతే ఒకే పేరు రెండుగా లెక్కకొస్తుంది.

డెస్కులో మీరు ఈ వారమే మొదలుపెట్టగలిగింది ఒకటుంది. తెలుగు కాపీ రాసేటప్పుడు ఫైల్ పైన స్లగ్‌లో (వార్తను గుర్తుపట్టడానికి డెస్కు పెట్టుకునే చిన్న పేరులో) పేరు ఇంగ్లీషు స్పెల్లింగును ఏజెన్సీ కాపీ నుంచి అలాగే అతికించి ఉంచండి. తెలుగులో క్లార్క్ అయ్యాక ఇ ఉందో లేదో ఎవరూ చెప్పలేరు, రెండ్రోజుల తర్వాత వెబ్ ఎడిషన్ వాళ్లు ఇంగ్లీషు ట్యాగ్ కోసం తెలుగు నుంచి వెనక్కి ఊహిస్తారు, అక్కడ కొత్త తప్పు పుడుతుంది. పేజీ వెళ్లే ముందు ఆ పేరును కంట్రోల్ ఎఫ్‌తో ఒకసారి, దాని జంట పేరుతో ఇంకోసారి వెతకండి. జంట పేరు ఎక్కడైనా తగిలితే ఆ వాక్యం ఆగి చదవండి. దిద్దేటప్పుడు బాడీ దిద్ది ఊరుకోకుండా హెడ్డింగ్, సబ్ హెడ్డింగ్, ఫోటో కింది వాక్యం, మ్యాప్ మీది పేరు, వెబ్ లింకు అన్నీ చూడండి. బాడీలో కర్నాల్ అని దిద్ది మ్యాప్ మీద కర్నూలు దగ్గర చుక్క మిగిలిపోవడం చాలా తరచుగా జరిగేదే, మ్యాప్ వేసేవారికి దిద్దుబాటు విడిగా చెప్పాలి.